గుండెలదాకా గోధుమలు

మా మేస్త్రికి మిల్లులో అందరం కలిసి పెట్టిన పేరు ప్రసంగం. ఎదురుగా మేస్త్రిగారూ అనే అంటాం. ఆయన అటు మెట్లు దిగాడో లేదో, ప్రసంగం వచ్చాడా, ప్రసంగం పోయాడా అని మొదలు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. తెలిసీ నవ్వి ఊరుకునేవాడు, నాకు ఒళ్ళు మండేది అక్కడే. మనిషన్నాక ఒక్కసారైనా కోపం తెచ్చుకోవాలా వద్దా? నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది కాబట్టి నన్ను మిరపకాయ అంటారు. నా ఎదురుగానే అంటారు, చాటుగా అనేంత ఓపిక ఎవడికుంది?

పదకొండేళ్ళు ఆయన చేతికింద పనిచేశాను. పదకొండేళ్ళూ నా చెవిన ఇల్లు కట్టుకుని ఒకే మాట చెప్పాడు. దేవుడికి ఒక కొడుకున్నాడు. ఆ కొడుకంటే ఆయనకి ప్రాణం. ఆ కొడుకు ఇంకా ఒక్క రోగినీ బాగుచెయ్యలేదు, ఒక్క మాటా బోధించలేదు, అప్పుడే నది ఒడ్డున నలుగురూ వినేలా 'వీడు నా బిడ్డ, వీణ్ణి చూస్తే నాకెంతో ఆనందం' అన్నాడట పైనుంచి. అంత ఇష్టమైన కొడుకుని మనకోసం, మన పాపాల బదులు సిలువ మీద చావడానికి ఇచ్చేశాడు. ఇదీ ప్రసంగం. బేరింగుకి గ్రీజు పెడుతూ చెప్పేవాడు, గోనె సంచి మూతి కుడుతూ చెప్పేవాడు, చివర్లో మాత్రం చేతిలో పని ఆపి, "ఆ ప్రేమలోకి నిన్నూ రమ్మంటున్నాడయ్యా. ఎప్పుడొస్తావు?" అని అడిగేవాడు.

నా జవాబు కూడా పదకొండేళ్ళుగా ఒకటే. "సొంత కొడుకు మీద ప్రేమ ఉంటే అందులో గొప్పేముంది మేస్త్రిగారూ? ఎవడికుండదు?"

ఎవడికుండదు అని నోటితో అనేవాణ్ణే గానీ, నా కడుపులో మాట వేరు. మా నాన్న వడ్రంగి. నేను చేసిన ప్రతిదాన్నీ మూలమట్టం పెట్టి చూసేవాడు. పీట చేస్తే పీటకి పెట్టేవాడు, కిటికీ చేస్తే కిటికీకి పెట్టేవాడు. వెంట్రుకవాసి తేడా ఉంటే వేలితో చూపించేవాడు, లేకపోతే మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు. బాగుందిరా అని ఒక్కసారి కూడా అనకుండానే కన్నుమూశాడు. అలాంటి నాకు, పని మొదలుపెట్టక ముందే తండ్రి మెచ్చుకున్న కొడుకు కథ చెబితే వినబుద్ధవుతుందా?

ప్రసంగానికీ ఒక్కడే కొడుకు. ఇరవయ్యారేళ్ళవాడు, మా మిల్లులోనే ఫిట్టరు. ఆ పొడుగు చూసి వాణ్ణి నిచ్చెన అంటాం. వాడికి మూడేళ్ళప్పుడు తల్లి పోతే, ఈయన మళ్ళీ పెళ్ళి మాటెత్తకుండా, జడ వెయ్యడం ఒక్కటి తప్ప తల్లి చేసే పనులన్నీ చేసి పెంచాడు. నిచ్చెన పైకెక్కితే చాలు, ప్రసంగం ఏ పనిలో ఉన్నా ఆపేసి కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెడతాడు. వాడు కిందికి దిగేదాకా ఆ అద్దాలకి దుమ్ము వదలదు. మేమంతా చూసి నవ్వుకునేవాళ్ళం.

మా మిల్లు వెనక వరసగా మూడు సైలోలు ఉన్నాయి. సైలో అంటే గింజలు నిలవచేసే ఇనుప గుండ్రం, అయిదంతస్తుల ఎత్తు. పైన మనిషి పట్టే మూత, లోపలికి ఇనుప మెట్లు. అడుగున మోటారు ఆన్ చేస్తే గింజలు కింది కన్నంలోంచి మరలోకి జారిపోతుంటాయి. చెమ్మ తగిలితే గోధుమలు లోపల గోడకి అట్టకట్టి నిలబడిపోతాయి. అప్పుడు ఎవడో ఒకడు దిగి, పొడుగు గునపంతో వాటిని పొడిచి రాల్చాలి.

దిగేవాడికి మూడు నియమాలు. తన పేరున్న రేకుముక్కని ఆ సైలో మోటారు స్విచ్చు మేకుకి తగిలించాలి. ఆ రేకు ఉన్నంతసేపూ స్విచ్చు ఎవడూ ముట్టుకోడు, రేకుని తగిలించినవాడే తియ్యాలి. రెండోది, నడుముకి బెల్టు పెట్టుకుని తాడు కట్టుకోవాలి. మూడోది, పైన మూత దగ్గర ఒక మనిషి ఉండాలి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. స్విచ్చుల బోర్డుకి ఎదురుగా నిలబడితే సైలోలు మన వీపు వెనక ఉంటాయి. అందుకని బోర్డు మీద ఎడమ చివరి స్విచ్చు, వెనక మన కుడిచేతి వైపున్న ఒకటో సైలోది. అంకెలు ఎప్పుడో చెరిగిపోయాయి. కొత్తవాళ్ళు తడబడతారు. మేం పాతకాపులం, బోర్డు వైపు తిరిగామంటే చెయ్యి దానంతటదే సరైన మేకుకి పోతుంది.

ఆ రోజు పదకొండు గంటల వేళ ఒకటో సైలోలో గింజలు ఆగిపోయాయి. నేను రేకు తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్ళాను. ప్రసంగం వెనకాలే వచ్చాడు.

"మీ పాప పుట్టినరోజటగా? దాని పేరు చెప్పి ప్రార్థన చేశానయ్యా పొద్దున."

"మిమ్మల్ని ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ చెయ్యమనక్కర్లేదు. బిడ్డ అంటే ఏంటో నీకూ తెలుసు కదా. ఆయన తన బిడ్డని..."

నేను గిర్రున ఆయన వైపు తిరిగాను. బోర్డు ఇప్పుడు నా వీపు వెనక ఉంది, సైలోలు కళ్ళెదురుగా ఉన్నాయి. "చూడండి మేస్త్రిగారూ, కన్నకొడుకుని ఊళ్ళోవాళ్ళకోసం చంపుకున్నవాణ్ణి నేనైతే తండ్రి అనను. మీ నిచ్చెనని మీరిస్తారా, నాకోసం? ఇవ్వరు. మరి ఎందుకీ కబుర్లు?" అంటూనే ఒకటో సైలో ఏ వైపు కనిపిస్తోందో ఆ వైపుకి చెయ్యి వెనక్కి చాపి రేకు తగిలించేశాను. అది మూడో సైలో మేకు. పాతకాపుకి కోపం వస్తే కొత్తవాడికంటే అధ్వాన్నం.

ఆయన తల వంచుకుని మిల్లులోకి వెళ్ళిపోయాడు. మొదటిసారి ఆయన్ని గెలిచానన్న ఊపులో నేను పైకెక్కేశాను. మూత దగ్గర మనిషి కోసం ఆగలేదు. బెల్టు పెట్టుకున్నాను గానీ తాడు కట్టుకోలేదు. రెండు నిమిషాల పని అనుకున్నాను.

గింజలు సగందాకా ఉన్నాయి. ఒక పక్కన అట్టకట్టిన గోధుమలు నా ఎత్తుకి రెండింతలు గోడలాగా నిలబడి ఉన్నాయి. మధ్యలో నిలబడి గునపం ఎత్తాను. అంతలో కాళ్ళ కింద ఏదో గురగురమంది.

కింద మోటారు తిరిగింది. ఒకటో స్విచ్చుకి రేకు లేదు. నేను ఇంకా కిందే ఎక్కడో విసురుగా తిరుగుతున్నాననుకుని, ఆగిపోయిన గింజలు మోటారుకి కదులుతాయేమో చూద్దామని ప్రసంగమే తన చేత్తో మీట నొక్కాడు.

గింజలు చూడ్డానికి నీళ్ళలా జారతాయి గానీ పట్టుకుంటే సిమెంటు. ఒక అడుగు తియ్యబోయాను, రాలేదు. అయిదు లెక్కపెట్టే లోపల మోకాళ్ళు పోయాయి. గునపంతో ఇనుప గోడని బాదుతూ గొంతు చించుకున్నాను. నడుము పోయింది. పైన కప్పు మీద గొలుసుకి నూనె పెడుతున్న నిచ్చెన ఆ మోత విని కిందికి కేకేశాడు. మోటారు ఆగేసరికి గింజలు నా గుండెలదాకా వచ్చాయి.

ఆగిపోయింది కదా, ఇంకేం భయం అనుకుంటారు తెలియనివాళ్ళు. ఊపిరి వదిలినప్పుడల్లా ఛాతీ కాస్త లోపలికి పోతుందా, ఆ సందులోకి గింజలు వచ్చి కూర్చుంటాయి. మళ్ళీ పీల్చుకోవడానికి చోటుండదు. ప్రతి ఊపిరికీ కాస్త తక్కువ గాలి. నా కూతురు కొత్త గౌను వేసుకుని సాయంత్రం కోసం ఎదురుచూస్తోందన్న సంగతి గుర్తొచ్చి పై ప్రాణాలు పైనే పోయాయి.

మూతలో వెలుగు మూసుకుపోయి ప్రసంగం తల కనిపించింది. మెట్లన్నీ ఆగకుండా ఎక్కినట్టున్నాడు, మాట సరిగా రావట్లేదు. "కదలకు! అరవకు! చిన్నచిన్నగా పీల్చు!" అన్నాడు. తర్వాత పక్కనున్న కొడుకుతో అంటున్నాడు, "ఫైరింజను గంటకి గానీ రాదట." 

గంట! నాకు అంతసేపు లేదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. తాడేసి లాగితే సరిపోదా అంటే, గుండెలదాకా కూరుకున్న మనిషిని పదిమంది లాగినా రాడు. నడుం తెగుతుంది గానీ రాడు. ఒక్కటే దారి. మనిషి చుట్టూ రేకులు దింపి గొట్టంలా నిలబెట్టి, ఆ గొట్టం లోపలి గింజల్ని తోడెయ్యాలి. ఆ రేకులు ప్రసంగమే ఎప్పుడో కోయించి, పట్టుకోవడానికి చెవులు పెట్టించి కప్పు మీద ఆనించి ఉంచాడు. వాటిని దింపాలంటే ఒక మనిషి నా దగ్గరికి రావాలి. ఆ గోధుమల గోడ కింద నిలబడాలి. ఆ గోడ అప్పటికే పగుళ్ళిచ్చింది, పైనుంచి గుప్పెడేసి గింజలు టపటపా రాలుతున్నాయి.

"నేను దిగుతా" అంటున్నాడు ప్రసంగం.

"మోకాలు వంగదు నీకు. తాడు పట్టుకో నాన్నా" అన్నాడు నిచ్చెన.

తలెత్తి చూశాను. ప్రసంగం వాడి బెల్టు బిగిస్తున్నాడు. ముడి వేశాడు, లాగి చూశాడు. విప్పి మళ్ళీ వేశాడు. మూడోసారి విప్పబోతుంటే వాడు ఆయన చేతులు పట్టుకుని ఆపాడు.

నిచ్చెన గింజల మీద పలక పరిచి దాని మీద బోర్లా పడుకుని నా దగ్గరికి జరుగుతూ వచ్చాడు. "ఏంటన్నా, పుట్టినరోజు పాపది కదా, నువ్వెందుకు ఆటలాడుతున్నావు?" అన్నాడు. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. రెండిటికీ గాలి కావాలి.

మొదటి రేకు నా వీపు వెనక దించాడు. కాలితో తొక్కి, భుజంతో నెట్టి, జానెడు జానెడు కిందికి పంపాడు. రెండోది ఎడమ పక్కన దిగింది. మూడోది దింపుతుండగా గోడ పై భాగం విరిగింది.

పెద్ద చప్పుడేమీ రాలేదు. బస్తా మూతి విప్పినట్టు జరజరమని వచ్చి పడింది. కళ్ళు తెరిచేసరికి గింజలు నా గడ్డందాకా ఉన్నాయి, నిచ్చెన నడుందాకా మునిగి ఉన్నాడు. గోడలో మిగతా సగం మా మీదికి వాలి ఉంది.

అప్పుడు పైనుంచి వినిపించింది.

"ఒరేయ్! వదిలెయ్! వాణ్ణి వదిలేసి పైకి రా!"

అది ప్రసంగం గొంతేనా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. పదకొండేళ్ళలో ఆయన కోపంగా అరవడం నేను వినలేదు. తాడు బిగుసుకుంది. నిచ్చెన గింజల్లోంచి కొంచెం కొంచెం పైకి లేస్తున్నాడు, ముఖం నొప్పికి వంకర పోయింది. మూడో రేకు చెవిని రెండు చేతులా పట్టుకుని వేలాడాడు.

"నాన్నా! తాడు వదులు చెయ్యి!"

"చెయ్యను! పైకి రా! నువ్వొక్కడివేరా నాకు!"

నాకు ప్రసంగం మీద కోపం రాలేదు. ఇది గొప్పకి చెప్పట్లేదు, అంత కోపిష్టిని, ఆశ్చర్యంగా నాకే రాలేదు. ఆ గొంతులో నేనెక్కడా లేను. మిల్లు లేదు, ప్రసంగాలు లేవు. కొడుకు తప్ప ఇంకేమీ లేదు. ఒక తండ్రి కొడుకుని ఇంతగా ప్రేమిస్తాడా అని, గడ్డందాకా మునిగి చస్తున్నవాణ్ణి, కుళ్ళుకున్నాను. మా నాన్న పైన ఉంటే అలా అరిచేవాడా?

"నేను నీకొక్కణ్ణేనని నాకు తెలుసు నాన్నా" అన్నాడు నిచ్చెన. అరవలేదు. ఊపిరి కూడగట్టుకుని మెల్లగా అన్నాడు. "నువ్వు ఆ తాడు విడిచిపెట్టవని కూడా తెలుసు. అందుకే ఉంటానంటున్నా. కొంచెం వదులు చెయ్యి."

తాడు అలాగే బిగిసి ఉంది. గోడ మీంచి గింజలు రాలుతున్నాయి, నా పెదవి కింద ఒకటీ ఒకటీ చేరుతున్నాయి. ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు. నా బతుకంతా ఒక ముసలాయన చేతుల్లో ఉంది, ఆయన చేతుల్లో ఉన్నది ఆయన కొడుకు.

తాడు మూరెడు వదులైంది. పైన ఎవరో ఆగకుండా దగ్గుతున్నట్టు వినిపించింది. దగ్గు కాదని తర్వాత అర్థమైంది.

నిచ్చెన మూడో రేకు దించాడు, నాలుగోది దించాడు. డబ్బాతో నా మెడ దగ్గర్నించి తోడి బయట పొయ్యడం మొదలుపెట్టాడు. భుజాలు కనిపించాయి. ఛాతీ కనిపించింది, పెద్ద ఊపిరి పీల్చాను, అంత రుచైన గాలి మళ్ళీ ఎప్పుడూ పీల్చలేదు. మిగిలిన గోడ అప్పుడు పడింది. నిచ్చెన దాన్ని ముందే చూసి గొట్టం మూతి మీద బోర్లా వాలిపోయాడు. ఆ బరువంతా వాడి వీపు మీద పడింది. నా తలమీద పట్టుమని పది గింజలు కూడా పడలేదు. ఫైరింజనువాళ్ళు వచ్చి ఇద్దర్నీ పైకి తీసేసరికి మధ్యాహ్నం ఒకటిన్నర.

ఆసుపత్రిలో నాలుగు రోజులున్నాను. నిచ్చెన పక్క వార్డులోనే ఉన్నాడు. వాడికి రెండు పక్కటెముకలు చిట్లాయి. గోధుమలు పడి కాదట. బెల్టు బిగిసిన చోట చిట్లాయని డాక్టరు చెప్పాడు, తండ్రి లాగిన లాగుడుకి.

మిల్లులో అందరూ వచ్చి చూసి వెళ్ళారు. ప్రసంగం కొడుకు దగ్గరికి రోజూ వచ్చేవాడు. నా తలుపు దాకా అడుగుల చప్పుడు వచ్చి, ఆగి, వెనక్కి పోయేది.

"ఆయన్నేమీ అనకండి" అంది నా భార్య. "మోటారు నొక్కింది తనేనని కుమిలిపోతున్నాడట."

మోటారు గొడవ కాదని ఆమెకెలా చెప్పను? రేకు తప్పు నాది. ఆ సంగతి మిల్లులో అందరికీ చెప్పేశాను కూడా. ఆయన మొహం చాటేస్తున్నది ఇంకో మాటకి. ఆ మాట విన్నది మేం ముగ్గురమే.

ఇంటికొచ్చిన రెండో రోజు నా కూతురు నాకు మంచినీళ్ళు ఇద్దామని, బీరువా మీదున్న గ్లాసు కోసం స్టూలెక్కింది. ఆ స్టూలు కాలొకటి కదులుతుంది. "దిగు! ముందు కిందికి దిగు!" అని వీధి వాళ్ళంతా వినేలా అరిచాను. పిల్ల బిక్కచచ్చిపోయి దిగింది. దాన్ని దగ్గరికి తీసుకుని కూర్చున్నాక ఆ స్టూలు వైపు చూశాను. ఒక్క స్టూలు. మూరెడు ఎత్తు. దీన్ని ఆ సైలోలోకి ఎవరికోసం పంపుతాను నేను? ప్రసంగం కోసమా? సొంత అన్న కోసమైనా పంపను. నేనూ పైకి రా అనే అరుస్తాను. అలా అరవని తండ్రి ఒకడున్నాడని పదకొండేళ్ళుగా వింటూ, అందులో గొప్పేముందని అడిగినవాణ్ణి నేను.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే ప్రసంగం ఇంటికి వెళ్ళాను. ఆదివారాలు ఆయన చర్చిలో వాక్యం చెబుతాడు, ఈపాటికి తెల్లచొక్కా వేసుకుని బయల్దేరుతూ ఉండాలి. ఆయన పనిచొక్కాలో వంటగదిలో బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. నిచ్చెన నడుముకి పట్టీతో గోడకానుకుని నిలబడి, నన్ను చూసి కుర్చీ జరిపాడు.

ప్రసంగం తలెత్తలేదు. "విన్నావు కదయ్యా" అన్నాడు.

"విన్నాను."

"ఇవాళ్టి నించి చెప్పడం మానేశాను. చర్చిలోనూ చెప్పేశాను, ఇంకొకళ్ళని చూసుకోమని. ఇరవై ఏళ్ళు ఆ మాట నోటితో చెప్పాను. ఆయన తన కొడుకుని ప్రేమించాడు, ఇచ్చాడు అని. టీ తాగుతూ చెప్పాను! నువ్వడిగావు చూడు, మీవాణ్ణి నాకోసం ఇస్తారా అని. ఇవ్వనయ్యా. ఇవ్వలేదు. వాడే ఉండిపోయాడు. నేను వాడి ఎముకలు విరిగేలా లాగాను." ఆయన చేతులు రెండూ బల్ల మీద బోర్లా పెట్టుకున్నాడు. తాడు రాసుకుపోయిన అరచేతులు కనపడకుండా దాచుకున్నాడని నాకు అర్థమైంది.

"మేస్త్రిగారూ, పదకొండేళ్ళు మీరు చెప్పింది నాకు ఎక్కలేదు" అన్నాను. "ఆ ఒక్క మాట ఎక్కింది. నిన్న నా కూతురు స్టూలెక్కితే నేనూ అదే అరిచాను. మీరూ నేనూ ఒకటే. కానీ ఆయన అరవలేదంటున్నారు. ఎందుకరవలేదు? అక్కడ కొడుకు మీద అంత ప్రేమ లేదా?"

ఆయన అప్పుడు తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ప్రేమ లేకనా!" అన్నాడు. కోపంగా అన్నాడు, నామీద ఆయన కోప్పడటం అదే మొదటిసారి. "లోకమే లేనప్పటి నించీ ఆ తండ్రికి ఆ కొడుకు, ఆ కొడుక్కి ఆ తండ్రి. నాది ఏపాటి ప్రేమ దాని ముందు? నీకు తెలుసా, అక్కడ అడిగింది కొడుకు. సిలువ వెయ్యడానికి పట్టుకెళ్ళే ముందు నేలమీద పడి అడిగాడు నాన్నా అని, ఇది తప్పించే దారుంటే తప్పించమని. నీ ఇష్టమే కానివ్వమని కూడా అన్నాడు. ఆ గొంతు విని..." ఆయన అరచేతులు తిప్పి తాడు గీతల వైపు చూసుకున్నాడు. "ఆ గొంతు విని, తండ్రి నోరు మెదపలేదు. మావాడు అడక్కుండానే నేను లాగాను. అక్కడ అడిగినా లాగలేదు. మూడో రోజు సమాధిలోంచి లేపేదాకా లాగలేదు. ఎందుకంటే కింద నువ్వున్నావు. నేనున్నాను. ఈ ముక్క ఇన్నేళ్ళు చదివానే గానీ, మొన్న ఆ తాడు వదులు చేసినప్పుడు గానీ నాకు అర్థం కాలేదయ్యా."

ఇది ఆయన ప్రసంగంలా చెప్పలేదు. బల్ల మీదికి తల వాల్చేసి చెప్పాడు. నిచ్చెన వచ్చి తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు.

నాకు దుఃఖం పొంగుకొచ్చింది. మా నాన్న పోయినప్పుడు కూడా రానంత వచ్చింది. నేనేం చేశానని? నేనేం సరిగ్గా చేశానని, ఏ మూలమట్టానికి నిలబడ్డానని, నాకోసం ఒక తండ్రి అలా నోరు మూసుకుని ఉండటానికి? నేను ఆయన్ని తండ్రే కాదన్నాను. ఆ మాటని సైలో ఎక్కే ముందు గెలిచినట్టు అన్నాను.

"రమ్మంటున్నాడని అనేవారు కదా" అన్నాను. "ఇంకా రమ్మంటున్నాడా? అంత మాట అన్నాక కూడా?"

ప్రసంగం అవునన్నట్టు తల ఊపాడు.

"అన్నా, అడిగి చూడు" అన్నాడు నిచ్చెన. "ఆయన్నే అడుగు."

"నాకు ప్రార్థన చేతకాదురా."

"గింజల్లో మునుగుతున్నప్పుడు ఎలా కేకేశావు? అలాగే."

చేతులు ఎలా పెట్టుకోవాలో తెలియలేదు. లేచి నిలబడ్డాను. ఆ వంటగదిలో, ఇద్దరి ముందూ, సిగ్గు విడిచి గట్టిగానే అన్నాను.

"అయ్యా, నువ్వు ఆ రోజు నీ కొడుకుని పైకి రమ్మనలేదు. నేను కింద ఉన్నానని రమ్మనలేదట. నన్ను రమ్మంటున్నావట. వస్తున్నాను."

ప్రసంగం కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, తుడవకుండా అలాగే ఏడుస్తూ కూర్చున్నాడు.